నాగావళి మోత

పోలినాయుడు ఏ పనికీ ముందుకి దూకే మనిషి కాదు. పెళ్ళిలో మొదటి బంతికి పిలిచినా రానంటాడు. రేషన్ దుకాణం దగ్గరైనా, ఓటు వేసే చోటైనా, ముందున్నవాళ్ళ పనులన్నీ అయ్యాక తీరిగ్గా కదులుతాడు. అలాంటివాడు, ‘నాగావళి’ ఓడలో నీటి కింది చప్పుళ్ళు వినే సోనార్ గదిలో పనిచేసిన వాళ్ళందరిలోకీ ముందుగా తన చెవే కడగమని పేరిచ్చాడట. ఆ సంగతి పక్క వీధి ఆడవాళ్ళ నోట తెలిస్తే, అతని భార్య నూకరత్నానికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

నాగావళి యుద్ధనౌక. ముప్ఫై ఏళ్ళకి పైగా తూర్పు సముద్రం మీద కాపలా కాసి ఇప్పుడు కొలువు దిగుతోంది. విశాఖ డాక్‌యార్డులో దానికి వీడ్కోలు ఏర్పాట్లు జరుగుతున్నాయి. మల్కాపురంలో నేవీ చేసి దిగిపోయిన వాళ్ళంతా బీరువాల్లోంచి మెడల్స్ తీసి తుడుచుకుంటున్నారు. పోలినాయుడు మెడల్స్ జోలికి పోలేదు. చెవుల ఆసుపత్రికి ఎప్పుడు రమ్మంటారా అని ఫోను చూసుకుంటున్నాడు.

చెవుల ఆసుపత్రి అని జనం పెట్టుకున్న పేరే గానీ అది ఆసుపత్రి కాదు. యారాడ కొండ వాలులో నేవీ కోసం కట్టిన పరిశోధనశాల. ఇంట్లోవాళ్ళలో ఒకరు వచ్చి ఒప్పుకుంటే తప్ప అక్కడ ఎవరి చెవీ ముట్టుకోరు. అందుకని ఒక ఉదయం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అక్కడికి వెళ్ళారు. చెవి కడిగే పద్ధతి కనిపెట్టిన డాక్టర్ హైమవతి వాళ్ళని తన గదిలో కూర్చోబెట్టి, పోలినాయుడి తలకి హెడ్‌ఫోన్లు తగిలించింది.

“ఏం వినిపిస్తోంది?”

పోలినాయుడు కళ్ళు మూసుకున్నాడు. “టగ్గు ఒకటి. ఏట పడవలు రెండు. అందులో ఒకదాని అడుగున తిరిగే ఫ్యాను రెక్క వంగినాది.”

హైమవతి మరో మీట నొక్కింది. “ఇప్పుడు?”

“నీళ్ళు. ఇంకేటీ లేదు. ఉట్టి సముద్రం.”

ఆవిడ ఆ హెడ్‌ఫోన్లు తీసి రత్నం చెవులకి పెట్టింది. రత్నం ఉలిక్కిపడి రెండు చేతులతో వాటిని లాగేసింది. లోపల పిండిమర నడుస్తున్నంత హోరు.

“అది నాగావళి మోత,” అంది హైమవతి. “ఆ ఓడ ఇంజన్లూ పంపులూ అన్నీ కలిసి చేసే చప్పుడు. సోనార్ దగ్గర కూర్చునే మనిషి తన ఓడ మోతని తీసేసి మిగతా సముద్రాన్ని వినాలి. మీ ఆయన ఎన్నేళ్ళు విన్నారో, ఆ మోత ఆయన లోపల అచ్చు గుద్దినట్టు పడిపోయింది. అందుకే ఆయనకి వినపడదు. ఆ అచ్చుని మేం తీసేస్తాం.”

“ఉంటే ఏటి నష్టమమ్మా?”

“మనిషి నోరు విప్పకపోయినా తలలోంచి చప్పుళ్ళని తోడేసే యంత్రాలు వచ్చాయి. మన దగ్గరే కాదు, మనకి గిట్టనివాళ్ళ దగ్గరా ఉన్నాయి. నాగావళి పోయినా దాని తోబుట్టువులు రెండు ఇంకా నీళ్ళలో ఉన్నాయి. వాటి మోత కూడా ఇదే.”

రత్నం పెద్దగా చదువుకోలేదు గానీ, చేపల బజార్లో ఆమెని మోసం చేసినవాళ్ళు లేరు. “మోత ఒక్కటే పోతాదా?” అని అడిగింది.

“మొదట నా మీదే చేసుకున్నాను,” అంది హైమవతి. “మా పుట్టింట్లో పాత గ్రైండరు ఉండేది. పిండి రుబ్బితే వీధి చివరికి వినపడేదట. ఆ చప్పుడు తీయించుకున్నాను. బాగానే పోయింది. మా అమ్మ దాని పక్కన కూర్చుని నాతో ఏవేవో కబుర్లు చెప్పేదని మా చెల్లెలు అంటుంది. నాకైతే అమ్మ అలా కూర్చున్నట్టే గుర్తు లేదు. చెల్లెలు అబద్ధం చెప్పదనే అనుకుంటాను.”

“అంటే ఓడ మీద జరిగినవన్నీ పోతాయా?”

“మోత వెనకాల వినపడుతూ ఉండగా జరిగినవి చాలామటుకు ఊడి వచ్చేస్తాయి. తర్వాత ఒడ్డున కూర్చుని తలచుకున్నా, ఆ తలపులో మోత ఉంటే అదీ పోతుంది. ఒడ్డు మీద జరిగినవాటికి ఢోకా లేదు. మీ పెళ్ళీ, ఇల్లూ, మీరూ అలాగే ఉంటారు.”

రత్నం మొగుడి వైపు తిరిగింది. అతను బల్ల అంచు మీద గోటితో గీస్తూ, ఈ మాటలు తనవి కానట్టు కూర్చున్నాడు. అర కోసు దూరంలో ఫ్యాను రెక్క వంగితే పట్టేసే చెవులు, పక్కన మాట్లాడుతున్నది వినలేదంటే ఆమె నమ్మలేదు.

రత్నానికి అప్పలసూరి అని ఒక తమ్ముడు ఉండేవాడు. తల్లి పోయినప్పుడు వాడు ఇంకా నిక్కర్ల వయసు. రత్నమే అన్నం పెట్టి, బడికి పంపి, పోలినాయుడి చేత ఇద్దరు ముగ్గురితో చెప్పించి నేవీలో చేర్చింది. అదృష్టమో దురదృష్టమో, వాడికీ నాగావళే దక్కింది. బావ సోనార్ గదిలో, బావమరిది ఇంజన్ గదిలో. సూరికి ఆ ఉద్యోగం ఒంటపట్టలేదు. ఒకసారి సెలవులో వచ్చి, నేవీ మానేసి అరకు రోడ్డు మీద టాక్సీ తోలుకుంటానన్నాడు. రత్నానికి ముక్కు మీదే కోపం. తన కష్టమంతా బూడిదలో పోసినట్టయిందని వీధిలోకి వచ్చి మరీ తిట్టింది. “ఆ సముద్రంలోనే పడి సావు గానీ నా గుమ్మం తొక్కకు,” అంది.

అలాంటి మాటలు ఆ వీధిలో అక్కలు తమ్ముళ్ళని అంటూనే ఉంటారు. తిట్టినవాళ్ళే సాయంత్రానికి పిలిచి కూర వేస్తారు. రత్నం కూడా పిలిచేదే. కానీ సూరి ఆ మధ్యాహ్నమే బ్యాగు భుజాన వేసుకుని ఓడకి వెళ్ళిపోయాడు. ఆ ప్రయాణంలోనే, అండమాన్‌కి ఇవతల, పొద్దు వాలే వేళ ఓడ మీదనుంచి మాయమయ్యాడు. సాయంత్రం హాజరు తీస్తే లేడు. ఓడ వెనక్కి తిరిగి వెతికింది. వాడి చెప్పు కూడా దొరకలేదు.

పడ్డాడని కొందరన్నారు. దూకాడని చాలామంది అన్నారు. పడడానికి ఆ రోజు గాలి లేదు, వాన లేదు. పైగా అక్క ఏమని తిట్టిందో వీధి వీధంతా విని ఉంది. విచారణలో ఎవరూ చూడలేదని తేల్చారు, ఎవరూ వినలేదని తేల్చారు. ఆ వేళ సోనార్ దగ్గర కూర్చున్నది పోలినాయుడే.

ఇరవై ఏళ్ళుగా రత్నం అతన్ని ఒకటే అడుగుతూ వచ్చింది. మీకేమీ వినపడలేదా? లేదనేవాడు. ఆ లేదన్న మాట ఏనాడూ ఆమె కళ్ళలోకి చూసి అనలేదు. ఆ ప్రశ్న వచ్చేసరికి కుళాయి కట్టేయాలనో, ఫ్యానుకి నూనె వేయాలనో లేచిపోయేవాడు. ఈ మనిషికేదో తెలుసు, అనుకునేది రత్నం. సూరి దూకాడనే తెలుసు. దూకేముందు నా పేరు ఎత్తి ఉంటాడు. అది చెప్తే నేను బతకనని ఈ మనిషి మింగేశాడు. ఇలా అనుకోవడం మొదలుపెట్టాక దానికి అంతు లేకుండా పోయింది. పండగ నాడు వాడికిష్టమైన కూర వండడం మానేసింది. వీధిలో ఎవరైనా తమ్ముణ్ణి తిడుతుంటే తలుపు వేసుకునేది.

ఇప్పుడు ఆ మింగేసిన మాటని నేవీ వాళ్ళే కడిగేస్తామంటున్నారు. మొగుడు అందరికన్నా ముందు పరిగెడుతున్నాడు.

కొండ మీదనుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే, అతను వీడ్కోలు సభ కోసం బూట్లకి పాలిష్ పెట్టుకుంటుంటే, రత్నం ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

“ముందు మీరే ఎందుకెల్లాల? ఊళ్ళో ఇంకెవులూ లేరేటి?”

“ఎవుడో ఒకడు ఎల్లాల గదా. అందర్లోకీ నాను పెద్దోణ్ణి.”

“పెళ్ళి బోయనానికి రాని పెద్దరికం దీనికొచ్చినాదా?”

పోలినాయుడు బూటు మీద గుడ్డ ఇంకా గట్టిగా రుద్దాడు.

“ఇనండి,” అంది రత్నం. గొంతు పెంచలేదు. “సూరిగాడి సంగతి మీకు తెలిసింది తెలిసినట్టు సెప్పండి. దూకినాడా, పడ్డాడా? ఎంత సెడ్డదైనా పరవాలేదు. సెప్తే ఆ డాట్రమ్మ ముందు ఒప్పుకుంటాను. సెప్పకపోతే ఒప్పుకోను. అంతే.”

“తెలిస్తే సెప్పనా?”

“తెలీకపోతే కడిగించుకోడానికి అంత తొందరేటి మీకు?”

అతను బూట్లు రెండూ గోడవారగా పెట్టి, ఇంట్లో పాలు ఉండగానే పాల ప్యాకెట్టు తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు.

వీడ్కోలు రోజున కుటుంబాలనీ ఓడ ఎక్కనిచ్చారు. నాగావళికి కొత్తగా రంగు వేశారు, పెళ్ళికూతురికి వేసినట్టు. స్తంభం మీదనుంచి పొడవాటి సన్నని జెండా ఒకటి గాలికి జీరాడుతోంది. కొలువు దిగే ఓడకి అలాంటిది కడతారట. ఎన్నేళ్ళు చేస్తే అంత పొడుగు. ముసలి నావికులు పిల్లల్నీ మనవల్నీ వెంటేసుకుని, ఇదిగో ఇక్కడే నేను పడుకునేవాణ్ణి, ఇదిగో ఇక్కడే నా తల పగిలింది, అని చూపిస్తూ తిరుగుతున్నారు. కింద ఎక్కడో జనరేటర్లు నడుస్తున్నాయి. కాళ్ళ కింద ఇనుము సన్నగా వణుకుతూనే ఉంది.

పోలినాయుడు కూడా రత్నానికి అన్నీ చూపించాడు. ఆమె అతన్ని అంత ఉషారుగా ఎన్నడూ చూడలేదు. ఓడ ముక్కు చూపించాడు, ఫిరంగి చూపించాడు. గ్యాలీ అని పిలిచే వంటగది చూపించి ఇక్కడి చపాతీలు విసిరితే మనిషి పడిపోతాడన్నాడు. సోనార్ గదికి తాళం వేసి ఉంటే తలుపు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఇంత ప్రేమించిన ఓడని తలలోంచి తీయించుకోవడానికి ఈ మనిషికి మనసెలా వచ్చిందో రత్నానికి అర్థం కాలేదు. అర్థం కాని చోటల్లా ఆమెకి అనుమానమే.

అన్నీ చూపించాడు గానీ ఓడ వెనక డెక్ వైపు మాత్రం తీసుకెళ్ళలేదు. మొదట ఆమె గమనించలేదు. పొద్దు వాలుతోంది, జెండా దించే వేళయింది, అందరూ వెనక్కి రండి అని మైకులో పిలిచారు. ఓడ జెండా ఉండేది ఆ వెనకే. జనమంతా అటు కదిలారు. పోలినాయుడు కదల్లేదు.

“ఇక్కణ్ణించే కనబడతాది,” అన్నాడు.

“ఎక్కణ్ణించి? మజ్జిలో ఇంత ఓడ అడ్డముంటే.”

“అక్కడ జనం ఎక్కువ.”

రత్నం అతని మొహం చూసింది. ఇందాకటి ఉషారు లేదు. నుదురంతా చెమట. ఆమె ఇంకేమీ మాట్లాడకుండా, చీర కొంగు నడుముకి దోపి, ఇనప మెట్లు దిగి వెనక్కి నడిచింది. తను వెళ్తే అతను రాక తప్పదని ఆమెకి తెలుసు. వచ్చాడు. జనానికి ఎడంగా, రైలింగు ఒక మూల ఆమె ఆగిన చోట, రెండడుగులు వెనగ్గా ఆగాడు. అక్కడ రైలింగుకి రేకుతో చేసిన తొట్టిలాంటిది ఒకటి సముద్రం మీదికి వాలి ఉంది.

“ఇదేటి?” అని అడిగింది రత్నం.

“సెత్త పారేసే తొట్టి.”

“దీన్ని సూసి ఒణుకుతారేటి?”

పోలినాయుడు రైలింగు పట్టుకున్నాడు. నీళ్ళకేసి చూస్తూ, ఆమె వైపు తిరక్కుండా మొదలుపెట్టాడు.

“ఆ దినం ఎక్సర్‌సైజు, యుద్దం ఒచ్చినట్టు సేసే కసరత్తు. ఓడంతా మాటా పలుకూ లేకుండా ఎల్తంది. నాతోటి ఉన్నోడు టీకి ఎల్లినాడు. గదిలో నానొక్కణ్ణే. రోజూ ఆ ఏలకి వంటోళ్ళు ఇక్కణ్ణించే సెత్త సంచులు పారేస్తారు. నీళ్ళలో దబ్బుమని పడతాది. ఎనకాలే సేపలు మూగుతాయి. నీళ్ళు తెగ కొట్టుకుంటాయి. రోజూ ఇనేదే గావట్టి దాన్ని ఎవుడూ పట్టించుకోడు, పైకి సెప్పడు. ఆ దినం కూడా దబ్బుమంది. ఈయేళ కాసింత ముందుగా పారేసినారే అనుకున్నాను. ఎనకాల నీళ్ళు కొట్టుకున్నాయి.”

రత్నానికి ముందు తెలియలేదు. చెత్త గురించి ఎందుకు చెప్తున్నాడా అనుకుంది. తర్వాత తెలిసింది.

“సేపలనుకున్నాను,” అన్నాడు పోలినాయుడు. “నాతోటోడు టీ అట్టుకొచ్చినాక, ఈయేళ సేపలకి గట్టి బోయనం దొరికినాది రా అని కూడా అన్నాను. సూరిగాడు లేడని గోల మొదలైనాక వంటోళ్ళని అడిగినాను. ఎక్సర్‌సైజు గదా, సప్పుడవకూడదని ఆ దినం సంచులు పారేయొద్దన్నారంట. ఎవులూ పారేయలేదంట. ఆ మాట సోనార్ గదికి ఎవులూ సెప్పలేదు.”

“ఎంతసేపు?” అంది రత్నం.

“ఏటి?”

“నీళ్ళు ఎంతసేపు కొట్టుకున్నాయి?”

“సానాసేపు.” అతని గొంతులో జీర లేదు, కంట్లో నీరు లేదు. “ఓడ ఎనకాలే వచ్చినాది ఆ సప్పుడు. దూకినోడు అలగ ఈదుకు రాడు రత్నం. మనోడు పడ్డాడు. పడి, ఓడని అందుకోడానికి సూసినాడు. నాను సెప్పుంటే ఓడ ఆగును.”

రత్నానికి ఏకకాలంలో రెండు జరిగాయి. ఇరవై ఏళ్ళుగా గుండెల మీద ఉన్న బండ పక్కకి దొర్లిపోయింది. తమ్ముడు చావడానికి వెళ్ళలేదు. తన మాట పట్టుకుని దూకలేదు. తిరిగి ఒడ్డెక్కి, అలిగి, ఆ టాక్సీ ఏదో కొనుక్కుని, నాలుగు రోజులకి గుమ్మంలోకి రావాలనే ఈదాడు. ఆ సంతోషానికి ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. అంతలోనే, ఈ మాట ఇన్నేళ్ళు దాచి, తను కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంటే పక్కనే కూర్చుని అన్నం తిన్న మనిషి పక్కనే నిలబడి ఉన్నాడని గుర్తొచ్చింది. అతన్ని అక్కడికక్కడే ఆ తొట్టిలోంచి తోసేయాలనిపించింది.

బ్యూగిల్ ఊదారు. అందరూ నిటారుగా నిలబడ్డారు. జెండా మెల్లిగా కిందికి దిగింది. ముసలివాళ్ళు కొందరు సెల్యూట్ చేసిన చేతులతోనే వెక్కారు. జెండాని మడత పెట్టాక కింద జనరేటర్లు ఒక్కొక్కటే ఆపేశారు. కాళ్ళ కింద వణుకు నిలిచిపోయింది. చావుకి వచ్చినవాళ్ళు కూడా అంత నిశ్శబ్దంగా ఇంటికి మళ్ళరు, అలా మళ్ళారు జనం.

చెవి కడిగే రోజు వచ్చేదాకా రత్నం అతనికి వండి పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు. ఒప్పుకోనని చెప్పేద్దామా అని చాలాసార్లు అనుకుంది. ఆ చప్పుడు బతికినన్నాళ్ళూ చెవుల్లో మోసుకు తిరగనీ, నేను మోయలేదా, అనుకుంది. కానీ చెప్తే ఒప్పుకుంటానని మాటిచ్చింది. అతను చెప్పాడు. మాట తప్పడం ఆమె వల్ల కాదు.

పరిశోధనశాలలో పోలినాయుణ్ణి అద్దాల గదిలోకి తీసుకెళ్ళాక రత్నం డాక్టర్ హైమవతి చెయ్యి పట్టుకుంది. “అమ్మా, మొన్న ఓడ మీద ఆయన నాతోటి కొన్ని మాటలు సెప్పినారు. అవి ఉంటాయా?”

“ఓడలో యంత్రాలు నడుస్తున్నప్పుడేనా?”

“అవును.”

“అయితే ఉండవు,” అంది హైమవతి. “ఏమైనా ముఖ్యమైనవా?”

రత్నం అద్దంలోంచి చూసింది. లోపల పోలినాయుడు కుర్చీలో వెనక్కి వాలి, పంటి డాక్టరు దగ్గర కూర్చున్నవాడిలా చేతులు బిగించి ఉన్నాడు. “పోనీయండి,” అంది.

మధ్యాహ్నానికి అయిపోయింది. హైమవతి అతని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి మీట నొక్కింది. మొదటిసారి వట్టి నీళ్ళు విన్నవాడు ఇప్పుడు మొహం చిట్లించి వాటిని తీసేశాడు. “ఏటిది తల్లీ, ఇంత గోల?”

“నాగావళి గుర్తుందా?”

“గురుతు లేకపోవడమేటి? నాను సేసిన ఓడ.”

“లోపల ఎలా ఉంటుంది?”

పోలినాయుడు జెట్టీ మీద నిలబడి చూస్తే ఎలా ఉంటుందో చెప్పాడు. బూడిద రంగు, ముందు ఫిరంగి, ఎత్తైన స్తంభం. అంతకు మించి అతని దగ్గర ఏమీ లేదు. సిగ్గుపడుతున్నవాడిలా నవ్వాడు. రత్నం తల తిప్పేసుకుంది.

ఆ తర్వాత ఇంట్లో కొత్త మనిషి కాపురం చేయడం మొదలుపెట్టాడు. పోలినాయుడు కంటినిండా నిద్రపోతున్నాడు. స్నానం చేస్తూ ఈల వేస్తున్నాడు. పిల్లిని ఒడిలో పెట్టుకుని దానితో రాజకీయాలు మాట్లాడుతున్నాడు. పెళ్ళయిన కొత్తల్లో ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు. రత్నం మాత్రం రోజురోజుకీ లోలోపల ఉడికిపోతోంది. తమ్ముడు ఈదిన చప్పుడుని చేపలని వదిలేసి, ఇరవై ఏళ్ళు నోరు మెదపకుండా కూర్చున్న ఆ మనిషిని నాలుగు మాటలు అనాలి. దులిపేయాలి. తీరా నోరు తెరిస్తే ఎదురుగా ఉన్నవాడు వాడు కాదు. తప్పు చేసినవాడు కొండ మీద అద్దాల గదిలోనే ఉండిపోయాడు. వాడి చొక్కా వేసుకుని, వాడి పళ్ళెంలో తినే ఈ మనిషికి పాపమూ తెలియదు, పుణ్యమూ తెలియదు. తిట్టడానికి కూడా ఆమెకి మనిషి లేకుండా పోయాడు.

చెవి కడిగించుకోవాల్సిన మిగతావాళ్ళు పోలినాయుణ్ణి చూడడానికి వచ్చేవారు. ఎలా ఉందని అడిగితే, హాయిగా ఉందిరా, ఎల్లండి, అని నవ్వేవాడు. వాళ్ళ పెళ్ళాలు వంటింట్లోకి వచ్చి రత్నాన్ని విడిగా అడిగేవారు. ఆమె టీ గిన్నె కేసి చూస్తూ, బాగానే ఉన్నారు, అనేది. వాళ్ళు నమ్మలేదని ఆమెకి తెలుస్తూనే ఉండేది.

ఒక ఆదివారం అతను ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి కానాగంత చేపలు తెచ్చాడు. రత్నం పెరట్లో కత్తిపీట ముందు కూర్చుంది. పోలినాయుడు చెంబుతో నీళ్ళు పోస్తూ సాయం చేస్తున్నాడు.

“సూరిగాడికి ఈటి పులుసంటే పేణం,” అన్నాడు. “పాపం కుర్రోడు. ఎందుకు దూకీసినాడో.”

రత్నం చెయ్యి ఆగింది.

“నువ్వు తిట్టినందుక్కాదులే,” అన్నాడతను ఓదార్పుగా. “అంత మాత్రానికి ఎవుడు దూకుతాడు. ఆడి మనసులో ఇంకేటుండేదో.”

ఇక ఆమె వల్ల కాలేదు. “దూకలేదు,” అంది. “పడ్డాడు.”

“నీకెలగ తెలుసు?”

“మీరే సెప్పినారు.”

చెప్పేసింది. వెనక డెక్ దగ్గర అతను చెప్పినదంతా, తొట్టీ, సంచులూ, చేపలూ, టీ తెచ్చినవాడితో అన్న మాటా, ఒక్కటీ వదలకుండా చెప్పింది. చెప్తుంటే ఇన్నాళ్ళూ దిగమింగిన కోపమంతా పైకి తన్నుకొచ్చింది. కత్తిపీట మీదనుంచి లేచి నిలబడి మరీ చెప్పింది. అతను బెదిరిపోతాడనుకుంది. తల బాదుకుంటాడనుకుంది. కాళ్ళ మీద పడతాడని కూడా లోపల ఎక్కడో ఆశపడింది.

పోలినాయుడు చెంబు కింద పెట్టి, ఎవరో పరాయివాళ్ళ గొడవ విన్నట్టు శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. అలా ఎప్పుడూ చూసేది ఆమె. అతను కాదు.

“మనిషి ఈదిన సప్పుడికీ, సేపలు కొట్టుకున్న సప్పుడికీ తేడా తెలీదా నాకు?” అన్నాడు. “పడవ ఫ్యాను రెక్క వంగితే పట్టేస్తానని నువ్వే అందరికీ సెప్తావు గదా.”

“నానేటి కట్టి సెప్తన్నానా?”

“అలగ అనలేదు. నీ బాద నాకు తెలీదా?” అతను గొంతు తగ్గించాడు. “ఆడు దూకలేదనుకుంటే నీకు మనశ్శాంతి. అనుకో. నానొద్దంటానా?”

“అనుకోడం కాదు. మీరు సెప్పినారు. మీ నోటితోటే ఇన్నాను.”

“ఎప్పుడు సెప్పినాను?”

“ఓడని పంపించిన దినం.”

“సెవి కడిగే ముందా?”

“అవును.”

పోలినాయుడు గోడకి ఆనుకుని చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పే మనిషి అలా ఆలోచించడు. తెలియని లెక్కని కూడబలుక్కునే పిల్లవాడిలా ఆలోచించాడు.

“ఇరవై ఏళ్ళు సెప్పనోణ్ణి, రేపో మాపో మర్సిపోతాననగా సెప్పినానంటావు,” అన్నాడు. “అయితే నీ బెంగ తీర్సడానికే సెప్పుంటాను రత్నం. ఆడు దూకలేదని నువ్వు నమ్మాల. నువ్వు నమ్మాలంటే తప్పు ఎవుడో ఒకడి మీద ఎయ్యాల. నా మీదే ఏసుకునుంటాను. ఎలాగా నాకు గురుతుండదు గదా.”

రత్నానికి కాళ్ళ కింద పెరడు కదిలినట్టయింది. వెనక డెక్ మీద అతని గొంతులో జీర లేకపోవడం, కంట్లో నీరు లేకపోవడం గుర్తొచ్చాయి. ఆ రోజు దాన్ని రాతిగుండె అనుకుంది. సంచుల సంగతి అంత వివరంగా కట్టి చెప్పడం ఎవరి తరం అనుకోబోయింది. కానీ కట్టుకోవడానికి అతనికి ఇరవై ఏళ్ళు దొరికాయి. చెవి కడిగించుకోవడానికి అందరికన్నా ముందు పేరిచ్చింది తప్పు దాచుకోవడానికా, ఈ ఒక్క మాట చెప్పి తప్పుకోవడానికా? నిజం తెలిసిన మనిషి ఒక్కడే. ఆ మనిషిని తనే ఒప్పుకుని పంపించేసింది.

“మీరు అలగ అబద్దమాడే మనిషి కాదు,” అంది. ఆ మాట అతను ఔనంటాడని ఎదురుచూసింది.

పోలినాయుడు తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. “నీకోసమైతే ఆడతాను,” అన్నాడు.

రత్నం అతని మొహంలోకి చూసింది. వెతికి వెతికి చూసింది. అక్కడ దాచుకున్నదేదీ లేదు.